మిట్టమధ్యాహ్నపు ఎర్రకోట్లు

"సంధ్యాకాంతి సైనికుల ముఖాలపై విషాదపు బంగారు పూత పూసింది" అనే వాక్యాన్ని నేను ఒక్క వారంలో నలభైసార్లు విన్నాను. నలభై అని మాటవరసకి అనడం లేదు. మా ఆడపడుచు వంటగది గడపలో నిలబడి అప్పజెబుతుంటే పుస్తకం పట్టుకుని తప్పులు దిద్దింది నేనే. దిద్దడానికి తప్పులుంటేగా! గడగడా వల్లించేది. నలభయ్యోసారికి ఆ పూతేదో నా మొహం మీద పూసినట్టు దురద పుట్టింది.

"ఏమే, విషాదానికి బంగారు పూత ఏమిటే? నగల షాపా?" అన్నాను.

"వదినా, మధ్యలో ఆపకు. మళ్లీ మొదట్నించీ మొదలెట్టాలి" అంది. మళ్లీ మొదలెట్టింది.

సంగతి ఇదీ. ఆమె మ్యూజియంలో పదకొండేళ్లుగా గది కాపలా. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక గదిలో నిలబడి, ఎవరూ బొమ్మల్ని తాకకుండా చూడాలి. కూర్చోకూడదు. మాట్లాడకూడదు. "గది సిబ్బంది ప్రదర్శిత చిత్రాల గురించి సందర్శకులతో సంభాషించరాదు" అని రాసి, దానికో చెక్క ఫ్రేము కట్టించి మరీ గోడకి తగిలించారు. బొమ్మల గురించి నోరు విప్పే హక్కు గైడుది. ఈ ఏడాది ఒక గైడు పోస్టు ఖాళీ అయింది. పర్మినెంటు. లోపలి సిబ్బంది కూడా పరీక్షకి కూర్చోవచ్చట, వయసు మాత్రం నలభై అయిదు దాటకూడదు. ఆమెకి వచ్చే నెలతో నలభై అయిదు నిండుతాయి. ఇదొక్కటే అవకాశం. తప్పితే రిటైరయ్యేదాకా ఆ గదిలో మూగనోము పట్టి నిలబడటమే. ఇప్పటికే పిక్కల్లో నరాలు తాళ్లలా ముడులు పడ్డాయి.

పరీక్ష అంతా ఒక్క బొమ్మ మీదే. గోడంత యుద్ధం బొమ్మ, రెండు వందల ఏళ్ల కిందటిది. గీసినవాడు దానికి పేరు పెట్టలేదు. తర్వాతెప్పుడో ఒక రిటైర్డ్ కల్నల్ ముప్పై పేజీల పుస్తకం రాసి "సమరానంతర సంధ్య" అని నామకరణం చేశాడు. ఆ పుస్తకమే సిలబస్సు. ఆ కల్నలే పరీక్షాధికారి. కాంతికి పదిహేను మార్కులు, రంగుకి పదిహేను, భావానికి ఇరవై. ముప్పై అయిదు వస్తే పాసు. పైగా భావానికి ఒక పట్టిక అచ్చేసి ఇచ్చారు: వీరం, శోకం, త్యాగం, భయం, ఆశ, భక్తి. అభ్యర్థి వీటిలో ఒకటి చెప్పాలి.

"ఆరేనా? మనిషన్నవాడికి ఆరే ఉంటాయా?"

"ఫారంలో ఆరు గళ్లే ఉన్నాయి వదినా."

నేను బట్టలకి రంగులేసే కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు రంగు తొట్టి దగ్గర పనిచేశాను. అందులో పద్నాలుగేళ్లు యూనియన్ తరఫున మేనేజర్ల మీద అరిచాను. రెండింటి పుణ్యమా అని నా చేతులూ గొంతూ మామూలు రంగులో లేవు. చదువంటారా, కరపత్రాలు చదివి నేర్చుకున్నదే. బొమ్మల గురించి నాకేం తెలీదు. కానీ ఆ బంగారు పూత పోరు పడలేక, అసలు ఆ బొమ్మేమిటో చూసి తేల్చుకుందామని ఆదివారం మ్యూజియానికి వెళ్లాను.

ఆమె తన చోటులో నిలబడి ఉంది. నన్ను చూసి కళ్లతోనే 'గొడవ చేయకు' అంది. పెదాలు కదపకుండా మాట్లాడటం ఆమెకి పదకొండేళ్ల అభ్యాసం.

బొమ్మలో ఎడమవైపు ముప్పైమంది సైనికులు వరసగా నిలబడ్డారు. ఎర్రకోట్లు, ఛాతీ మీద అడ్డంగా తెల్లగుడ్డ పట్టీలు. కుడివైపు గుడ్డపందిరి కింద ఒక అధికారి కుర్చీలో కూర్చుని కాగితమేదో చదువుతున్నాడు. వెనకాల ఆకాశమంతా నారింజరంగు. సైనికుల తెల్ల పట్టీల మీద, మెడ దగ్గర ఎర్రటి మరకలు.

దగ్గరికి వెళ్లాను. బొమ్మ ముందు అడ్డంగా కట్టిన తాడు దాకా వెళ్లి మెడ చాచాను.

"ఏమే, వీళ్లకి దెబ్బలెక్కడే?"

"ష్! పదిహేడుమంది క్షతగాత్రులు. ఆరో పేజీ."

"పేజీ సంగతి అటుంచు. ఒక్కడైనా వంగాడా? ఒక్కడైనా కట్టు కట్టుకున్నాడా? పదిహేడుమందికీ ఒకే చోట తగిలిందా? మెడ చుట్టూ, చంక కింద, పట్టీ ఒరుసుకునే చోట! శత్రువేమన్నా దర్జీనా, కుట్ల వెంబడే పొడవడానికి?"

పక్కనున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి రెండో గదిలోకి వెళ్లిపోయాడు.

నాకు బొమ్మ అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేకపోయింది. తొట్టి దగ్గర ఒక్క వానాకాలం పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది. రక్తం మధ్యలో చిక్కగా ఉండి అంచులకి పోతూ పలచబడుతుంది. బట్ట వదిలిన రంగు అలా కాదు. మధ్యలో పలచగా పాకి, తడి ఎక్కడ ఆగిందో అక్కడ ముదురు గీత కడుతుంది. ఆ పట్టీల మీద ఉన్నవన్నీ గీతలే. రంగు బట్టకి పట్టడానికి వేసే పటిక సరిగ్గా వేయకుండా, తొందర తొందరగా ముంచి తీసిన చవకబారు ఎరుపు. అధికారి కోటు చూడండి, నిండు ఎరుపు, చుక్క వదల్లేదు. ఒకే సైన్యం, రెండు ఎరుపులు. గీసినవాడికి కళ్లున్నాయి. ముప్పై కోట్లకి ఒక ఎరుపు కలిపాడు, ఆ ఒక్క కోటుకి వేరే ఎరుపు కలిపాడు.

"రంగు దిగిందే! రక్తం కాదు, పాడూ కాదు. వానలో నిలబెట్టారు, కోట్లు కారాయి."

మా ఆడపడుచు మొదటిసారి పెదాలు కదిపింది. "వాన లేదు వదినా."

"లేకపోతే రంగెలా దిగుతుంది? నాకు చెబుతున్నావా?"

"బూట్ల మీద దుమ్ము చూడు. వానైతే బురదుండాలి. వెనకాల ఆ నారింజరంగు కూడా దుమ్మే. గుర్రాలు వెళ్లాయి, అదుగో, కుడి మూల నాలుగు డెక్కల గుర్తులు."

చూశాను. నిజమే. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉందని ఎగిరి, మొదటి అడుగులోనే బోర్లా పడ్డాను. వాన లేకుండా తడి ఎక్కణ్ణించి వస్తుంది? మెడ, చంక, పట్టీ కింద...

ఇద్దరం ఒకేసారి అన్నాం, "చెమట."

"అందుకే నీడలు అలా ఉన్నాయి" అంది ఆమె. వెళ్లి సరిగ్గా ఒక చోట నిలబడి, తల ఒక వైపు వంచింది. ఎన్నిసార్లు అక్కడ అలా నిలబడిందో మరి. "చూడు, ఒక్కడికీ నీడ పక్కకి పడలేదు. అందరికీ పాదాల కిందే, గుండ్రంగా. టోపీ అంచు నీడ గడ్డం దాకా దిగింది. సాయంత్రమైతే నీడ పొడుగ్గా పడాలి కదా? ఇది మిట్టమధ్యాహ్నం. ఇంకా యుద్ధమే మొదలవలేదు. తుపాకుల మొనలు చూడు, తుడిచినవి తుడిచినట్టే ఉన్నాయి."

"మరి ఆ పుస్తకాల కల్నల్‌కి నీడలు కనపడలేదా?"

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి అట్ట చూపించింది. అట్ట మీద బొమ్మ మోకాళ్ల దగ్గర కోసేశారు. లోపలి ఫోటో కూడా అంతే. పాదాల్లేవు, నీడల్లేవు, డెక్కల గుర్తుల్లేవు. ఆయన ఇంట్లో కూర్చుని ఫోటో చూసి రాశాడు. ఆ రాసింది చదివి గైడులు చెప్పారు. గైడులు చెప్పింది విని జనం తలలాడించారు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి తల దించి సైనికుల కాళ్లవైపు చూసిన పాపాన పోలేదు.

"మొహాల్లో కోపం చూశావా? చవక కోటు తొడిగి ఎండలో నిలబెడితే రాదూ మరి!" అన్నాను. అప్పటికే నాకు మైకు ముందు నిలబడ్డంత ఊపు వచ్చేసింది.

"కోపం కాదు వదినా. కోపమైతే కళ్లు ఆ కుర్చీవైపు తిరుగుతాయి. వీళ్లు ఎవరివైపూ చూడటం లేదు. ఎడమ నుంచి మూడోవాణ్ణి చూడు, బరువంతా ఒక కాలి మీద వేశాడు. రెండో మడమ కొంచెం లేచింది. నాలుగున్నరకి నేనూ అలాగే ఉంటా. విసుగది. ఉత్త విసుగు."

ఇంటికొచ్చాక అసలు రభస మొదలైంది. పరీక్షలో ఇదే చెప్పు, ఆ మీసాల కల్నల్ పుస్తకాన్ని తుక్కుతుక్కు చెయ్యి అని నేను. చెప్పను, పుస్తకంలో ఉన్నదే చెబుతాను అని ఆమె.

మా ఆయన మధ్యలో దూరాడు. "నీ యూనియన్ ఉపన్యాసం మా చెల్లి నోట్లో పెట్టకు. దానికి ఉద్యోగం కావాలి, ఊరేగింపు కాదు."

"ఊరేగింపులు చేస్తేనేగా నువ్వు పనిచేసే కార్ఖానాలో ఎనిమిది గంటల పని వచ్చింది! చెప్పవే నువ్వు. అబద్ధం అప్పజెప్పి గైడువై ఏం చేస్తావ్? రోజుకి నాలుగుసార్లు అదే అబద్ధం చెబుతావా?"

ఆమె పుస్తకం మూసి బల్ల మీద కొట్టింది. అలా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"వదినా, నీకు మాట్లాడాలంటే కార్ఖానా గేటు ముందు మైకుంది. వినడానికి మనుషులున్నారు. నాకీ పోస్టు వస్తేనే నోరు. ముందు నన్ను లోపలికి వెళ్లనీ. తర్వాత నీడలు చూపిస్తానో, నీళ్లు చూపిస్తానో నా ఇష్టం. పరీక్షకి వస్తే రా, నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా."

మా ఆయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నేను ఒట్టు పెట్టాను. పెట్టక ఛస్తానా?

పరీక్ష ఆ బొమ్మ ముందే జరిగింది. ముందంటే ఎలాగనుకున్నారు? బల్ల వెనక ముగ్గురు పరీక్షాధికారులు: కల్నల్, మ్యూజియం క్యూరేటరమ్మ, పెద్దాఫీసు నుంచి వచ్చిన గుమస్తా ఒకాయన. వాళ్లకి ఎదురుగా, బొమ్మకి వీపు పెట్టి అభ్యర్థి నిలబడాలి. బొమ్మకి వీపు పెట్టి బొమ్మ గురించి చెప్పాలన్నమాట! వినేవాళ్లయినా బొమ్మ చూస్తున్నారా అంటే, ముగ్గురూ పుస్తకంలో వేలు పెట్టి వాక్యాలు సరిచూస్తున్నారు. వెనక బెంచీల మీద చుట్టాలం కూర్చున్నాం. నాకు ఒళ్లు మండుతోంది కానీ, ఒట్టు ఒట్టే.

అయిదుగురు వచ్చారు. అయిదుసార్లు సంధ్యాకాంతి, అయిదుసార్లు బంగారు పూత. నలుగురు శోకం అన్నారు. టై కట్టుకున్న కుర్రాడొకడు త్యాగం అని, గొంతు కూడా వణికించాడు. కల్నల్ కళ్లు తడి చేసుకున్నాడు.

ఆరోది మా ఆడపడుచు. వచ్చి నిలబడింది. నిలబడటంలోనే తేడా చేసింది. అభ్యర్థులంతా తిరిగిన వైపు తిరగలేదు. పదకొండేళ్లుగా ఆ బొమ్మ ఎదురుగా నిలబడ్డ మనిషి, దానికి వీపు పెట్టడం ఆమె ఒంటికి తెలీదు. బల్లవాళ్లకి ఒక పక్క చూపించి, బొమ్మవైపు తిరిగి మొదలెట్టింది.

"సంధ్యాకాంతి సైనికుల ముఖాలపై..."

ఆగిపోయింది.

క్యూరేటరమ్మ జాలిగా అడిగింది. "మర్చిపోయారా అమ్మా? నిదానంగా గుర్తు చేసుకోండి."

"మర్చిపోలేదు మేడమ్. మొత్తం గుర్తుంది. కనబడటం లేదు."

"ఏం కనబడటం లేదు?"

"సంధ్య, మేడమ్."

బెంచీ మీద ముందుకి వంగాను. ఇంట్లో బల్ల గుద్ది మరీ చెప్పిన మనిషి! చెప్పదు అనుకునే కదా నేను నోరు కట్టేసుకుని వచ్చింది.

ఇక ఆగలేదు. నీడలు చెప్పింది. టోపీ అంచులు చెప్పింది. దుమ్ము, డెక్కలు, తుపాకుల మొనలు చెప్పింది. గొంతు పెంచలేదు, అలంకారాలు పెట్టలేదు. ఫలానా చోట చూడండి, ఫలానాది ఉంది, అంతే. ఆమె చెబుతుంటే గుమస్తా కూడా పుస్తకంలోంచి వేలు తీసేశాడు. కల్నల్ ఎర్రబడ్డాడు, తర్వాత తెల్లబడ్డాడు. లేచి తాడు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని కిందికి వంగాడు. సైనికుల పాదాల్ని చాలాసేపు చూశాడు. ఆయన మోకాలు టక్కుమన్న చప్పుడు గది చివరి దాకా వినబడింది.

వెనక్కొచ్చి కూర్చుని, "నీడలు కిందే ఉన్నాయి" అన్నాడు, ఎవరితోనో తెలీదు. "కాంతికి పదిహేను" అని పైకే అంటూ గడిలో వేశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆ మనిషి వేశాడు.

"రంగు సంగతి నీకెలా తెలుసు?"

"మా వదిన రంగుల కార్ఖానాలో చేసింది సార్. రక్తానికీ, బట్ట వదిలిన రంగుకీ తేడా ఆవిడే చెప్పింది."

అందరూ నావైపు తిరిగారు. నా చేతులు ఒళ్లో ఉన్నాయి, గోళ్ల మొదళ్లలో ఇంకా నీలం. దాచుకోలేదు. రంగుకి పద్నాలుగు అని కల్నల్ పైకే చదివి వేశాడు.

ఇక భావం మిగిలింది. కల్నల్ గొంతు తగ్గించాడు. నిజంగా మెత్తగా మాట్లాడాడు.

"పట్టిక చూసుకో తల్లీ. యుద్ధానికి ముందైనా మనిషికి భయం ఉంటుంది. వదిలొచ్చినవాళ్లు గుర్తొచ్చి శోకం ఉంటుంది. ఏదైనా సరే, ఒక్కటి చెప్పు, ఒప్పుకుంటాను."

లెక్క నాకు తెలిసిపోయింది. ఇరవై తొమ్మిది వచ్చేశాయి. ఇంకో ఆరు వస్తే పాసు. కల్నల్ మెత్తబడ్డ తీరు చూస్తే, పట్టికలోంచి ఏ ముక్క చదివినా ఇరవైకి దగ్గరగా వేసేట్టున్నాడు, పోస్టు ఆమెదే. వెనక బెంచీ మీద కూర్చుని లోపల్లోపల నేను అరుస్తున్నాను: శోకం అనవే, భయం అను, భక్తి అన్నా సరే, అనవే నా తల్లీ! జీవితమంతా ఎవడు రాజీ పడినా మొహం మీదే దులిపేసినదాన్ని, ఆ నిమిషంలో రాజీ కోసం దేవుళ్లని మొక్కాను.

ఆమె పట్టిక చూసింది. బొమ్మ చూసింది.

"విసుగు, సార్."

"అది పట్టికలో లేదు."

"బొమ్మలో ఉంది సార్."

"సైనికుడికి విసుగు ఉండదమ్మా. ముప్పై ఏళ్లు సైన్యంలో చేశాను. నాకు తెలీదా?"

"ఎండలో ఇలా ఎన్ని గంటలు నిలబడేవారు సార్?"

"నేను నిలబడటమేమిటి? నేను నిలబెట్టేవాణ్ణి."

అన్నాక తనకే వినబడింది ఆ మాట. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆయన చూపు అలా బొమ్మలో కుర్చీ దాకా వెళ్లి, గబుక్కున కాగితం మీదికి వచ్చేసింది.

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "ఆరింట్లో ఏదీ కాకపోతే సున్నా వెయ్యాలండి. ఏడో గడి లేదు."

మెట్ల మీదికి రాగానే నేను బద్దలయ్యాను.

"శోకం అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేదే? నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయా?"

"నువ్వేనా వదినా ఈ మాట అంటోంది?"

"నేనే! నిన్న ఆ బల్ల గుద్దింది ఎవరు? ముందు లోపలికి వెళ్లనీ అన్నది ఎవరు? తీరా తలుపు తీసి రా రా అంటుంటే గుమ్మంలో కూలబడ్డావ్!"

ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి పిక్కలు నొక్కుకుంటోంది. "భయం అందామనే అనుకున్నా. నోటిదాకా వచ్చింది. పదకొండేళ్లుగా అన్నయ్య 'పనెలా ఉందే' అంటే 'బాగానే ఉంది' అంటున్నా కదా. నా గురించి ఎలాగూ అలా చెప్పుకుంటున్నా. వాళ్ల గురించి కూడా అలాగే చెప్పమంటావా?"

విసురుగా చెప్పులు తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాను. "లే, ఇంటికి పోదాం" అన్నాను.

మూడో రోజు నోటీసు బోర్డు మీద మార్కులు పెట్టారు. కాంతి పదిహేను, రంగు పద్నాలుగు, భావం సున్నా. మొత్తం ఇరవై తొమ్మిది. పోస్టు టై కుర్రాడిది. వాడికి కాంతిలో కూడా పద్నాలుగు పడ్డాయి, మిట్టమధ్యాహ్నాన్ని సాయంత్రమన్నందుకు!

నేను నాలుగు పేజీల వినతిపత్రం రాశాను. మొదటి పేజీలోనే పెత్తందారీ వ్యవస్థని కడిగేశాను. ఆమె చదివి, నాలుగు పేజీలూ మడిచి నా చేతిలో పెట్టింది.

"ఒక్క వాక్యం రాయి వదినా. 'విసుగు అనే భావాన్ని పట్టికలో చేర్చగలరు.' అంతే."

"నీకేం లాభమే? వచ్చే నెలకి నీ వయసు దాటిపోతుందిగా."

"నాకని చెప్పానా? రాయి."

రాశాను. నా జన్మలో ఒక్క వాక్యంతో ఆపిన కాగితం అదొక్కటే. చెయ్యి పీకేసింది. ఇద్దరం మ్యూజియం ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లాం. లోపలి క్లర్కు కాగితం చదివి, అటూ ఇటూ తిప్పి, వెనక ఏమన్నా ఉందేమో చూసి, ఒక ఫారం బయటికి తోశాడు.

"ఇది నింపి జత చెయ్యాలి. ఫిర్యాదా, సలహానా? ఏదో ఒకదానికి టిక్కు పెట్టండి."

"రెండూ కాదండీ" అంది మా ఆడపడుచు.

"రెండు గళ్లే ఉన్నాయమ్మా."

నేను నోరు తెరిచాను. ఆమె మోచేత్తో నన్ను పొడిచి, కిటికీకి దారంతో కట్టిన పెన్ను లాక్కుని, ఆ రెండు గళ్ల పక్కన తీరిగ్గా, నాలుగు గీతలూ సమంగా వచ్చేలా మూడో గడి గీసింది. దానికి టిక్కు పెట్టింది.

"అయ్యో, ఫారం పాడు చేశారే!"

"ఇంకోటి ఇవ్వండి" అంది ఆమె. "అందులోనూ గీస్తా."